కోణసామ్యము, రేఖాసమాంతరత: ఏది దేనికి మూలము?

పాఠశాలలో రేఖాగణితము నేర్చు బాలునకు మొట్టమొదట ఎదురగు నిజమైన తర్కపరీక్ష ఏదియని అడిగినచో, రెండు రేఖలను మూడవ రేఖ, అనగా తిర్యగ్రేఖ, ఖండించినప్పుడు ఏర్పడు ఎనిమిది కోణముల ప్రకరణమే యని చెప్పవలసియుండును. ఇది సులభమైన ప్రకరణమని పేరుపడినది. శీర్షాభిముఖ కోణములు, సదృశ కోణములు, ఏకాంతర కోణములు, తిర్యగ్రేఖకు ఒకే వైపుననున్న అంతరకోణములు అను నాలుగు పేర్లను, వానిలో ఏవి సమానములో ఏవి సంపూరకములో తెలుపు రెండుమూడు వాక్యములను కంఠస్థము చేసినవానికి పరీక్షలో మార్కులకు లోటుండదు. అయినను ఆ వాక్యములన్నియు ఒకే అంతస్తునకు చెందినవి కావనియు, వానిలో ఒకటి రెండు రేఖలు కలిసిన చోటనే పుట్టి అక్కడనే సిద్ధించుననియు, మరియొకటి రేఖలు ఎంతదూరమైనను పొడిగింపదగినవని ఒప్పుకొన్నప్పుడే నిలుచుననియు, వేరొకటి రెండువేల యేండ్లకు పైగా పండితులకు నిద్రపట్టనీయని ఒక స్వీకృతముపై ఆధారపడి యున్నదనియు ఆ బాలునకు చెప్పువారు అరుదు. ఆ అంతస్తులను వేరుపరచి చూపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. అందులకు కావలసిన దృష్టాంతములు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము పరిసరములలోనే సమృద్ధిగా లభించుచున్నవి.

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారి ఇబ్రహీంపట్నము చేరకముందే బొంగులూరువద్ద ఔటర్ రింగురోడ్డును దాటును. ఆ వలయమార్గము మొత్తము 158 కిలోమీటర్లు చుట్టివచ్చునది గనుక సమగ్రముగా చూచిన వక్రమే. కాని ఏ ఒక్క కూడలియొద్దనైనను కొద్దిమేర దానిని సరళరేఖగా గ్రహించుటకు అభ్యంతరముండదు. ప్రధానమార్గమునకు ఇరుప్రక్కల సర్వీసు రోడ్లు దానికి సమాంతరముగా పోవును. సాగరురోడ్డు ఈ సమాంతరములన్నిటికిని తిర్యగ్రేఖ. మొదటి సర్వీసు రోడ్డుతో సాగరురోడ్డు చేయు ఒక కోణము 70 అంశలని యనుకొందము. దాని ప్రక్కకోణము 110, ఎదుటికోణము 70, నాల్గవది 110 అని మరల కొలువకయే చెప్పవచ్చును. ఇక రెండవ సర్వీసు రోడ్డువద్దకు పోయి, అక్కడి నాలుగు కోణములును అవియే యని కొలువకుండ చెప్పవచ్చునా? చెప్పవచ్చుననియే మనము నిశ్చింతగా అందుము. కాని మొదటి కూడలిలో నిలిచి అక్కడి మూడు కోణములను చెప్పినప్పుడు మనకున్న హక్కు వేరు. ఆ కూడలిలోనే నిలిచి దూరముననున్న మరియొక కూడలి కోణములను చెప్పునప్పుడు మనము వాడుకొను హక్కు వేరు.

మొదటి హక్కు నిరపాయమైనది. ఒక సరళరేఖపై మరియొక రేఖ నిలిచినప్పుడు ఏర్పడు ఆసన్నకోణముల మొత్తము రెండు లంబకోణములని యూక్లిడ్ తన గ్రంథము ప్రథమ సంపుటములోని 13వ సిద్ధాంతమున నిరూపించెను; ఆ వెంటనే 15వ సిద్ధాంతమున శీర్షాభిముఖ కోణములు సమానములని తేల్చెను. ఒక కోణము మరియొకదానితో కలిసి 180 అంశలగుచున్నది. ఆ రెండవదే మూడవదానితోను కలిసి 180 అంశలగుచున్నది. కావున మొదటిదియు మూడవదియు సమానములు. ఈ విషయమును మొట్టమొదట గుర్తించినవాడు థేలీసనియు, దానికి శాస్త్రీయమైన ఉపపత్తిని కూర్చినవాడు యూక్లిడ్ అనియు, యుడీమసు మాటను ఆధారము చేసికొని ప్రోక్లసు వ్రాసియున్నాడు. ఇంత స్వల్పమైన సంగతికి ఉపపత్తి యెందులకని నేటి విద్యార్థి అడుగవచ్చును. కంటికి సమానముగా కనబడుచున్న దానిని సైతము కారణము చెప్పకుండ అంగీకరింపరాదను నియమము లోకమున పుట్టినది ఇట్టి స్వల్పవిషయములయందే కాబట్టి, ఆ ప్రశ్నకు ఉపాధ్యాయుడు ఓపికతో సమాధానము చెప్పవలసి యున్నది. ఈ సిద్ధాంతమునకు సమతలము కూడ అక్కరలేదు. భూగోళముపై రెండు మహావృత్తములు ఖండించుకొనిన చోటను శీర్షాభిముఖ కోణములు సమానములే.

రెండవ అంతస్తు దీనికంటె సూక్ష్మమైనది. తిర్యగ్రేఖ రెండు రేఖలతో చేయు ఏకాంతర కోణములు సమానములైనచో ఆ రేఖలు సమాంతరములు. ఇది యూక్లిడ్ 27వ సిద్ధాంతము. సదృశ కోణములు సమానములైనను, ఒకే వైపు అంతరకోణముల మొత్తము రెండు లంబకోణములైనను ఆ రేఖలు సమాంతరములేయని 28వది చెప్పును. ఇక్కడి తర్కము పరోక్షమైనది. ఆ రేఖలు ఒకవేళ ఎక్కడనో కలిసినవనుకొన్నచో ఒక త్రిభుజమేర్పడును. అందు బాహ్యకోణము దూరముననున్న అంతరకోణముతో సమానము కావలసివచ్చును. కాని బాహ్యకోణము దూరపు అంతరకోణములలో ప్రతిదానికంటెను పెద్దదని 16వ సిద్ధాంతము అంతకుముందే చెప్పియున్నది. కాబట్టి ఆ రేఖలు కలియవు. ఈ నిరూపణమంతటిలోను సమాంతరములనుగూర్చిన స్వీకృతము ఒక్కసారియైన వాడబడలేదు. రేఖలను ఎంతవరకైనను పొడిగింపవచ్చునన్న అంగీకారము మాత్రము చాలును. గోళముపై ఆ అంగీకారము చెల్లదు. భూమధ్యరేఖను లంబముగా దాటు రెండు రేఖాంశములు సదృశకోణములు సమానములైనను ధ్రువమువద్ద కలిసికొనుచున్నవి.

లోకవ్యవహారమున ఎక్కువగా పనికివచ్చునది ఈ రెండవ అంతస్తే. ఎవ్వరును రెండు రేఖలవెంట అనంతదూరము నడిచి అవి కలియకపోవుట చూచి సమాంతరములని నిర్ణయింపజాలరు; ఒకచోట కోణము కొలిచి నిర్ణయించుటయే మనకు చేతనైన పని. పొలము కొలుచు సర్వేయరు చేయునదియు ఇదియే. పొలము మధ్యగా ఒక ఆధారరేఖను పరచి, గొలుసు లాగి, గట్టు తిరిగిన ప్రతిచోటికిని ఆ ఆధారరేఖనుండి క్రాస్‌స్టాఫ్ సాయముతో లంబదూరములు కొలిచి అతడు పుస్తకమున గుర్తించుకొనును. ఆ లంబములన్నియు ఒకే రేఖతో లంబకోణము చేయుచున్నవి గనుక, అనగా సదృశకోణములు సమానములు గనుక, అవి పరస్పరము సమాంతరములు. వాని నడుమ పొలము సమలంబ చతుర్భుజములుగా విడిపోవును. వాని వైశాల్యములను కూడి, 121 చదరపు గజములకు ఒక గుంటయు, 40 గుంటలకు ఒక ఎకరమును చొప్పున విస్తీర్ణము తేల్చును. తెలంగాణ గ్రామములలో రైతు ప్రాణప్రదముగా దాచుకొను టిప్పన్ నకలులోని గీతల వెనుక నున్న తర్కము ఇట్టిదే. కోణము సమానము, కావున రేఖలు సమాంతరము: సర్వేయరు మార్గము ఈ దిశగా నడచును. మన పాఠ్యపుస్తకములు దీనికి విలోమమును ముందు చెప్పి దీనిని తరువాతి స్థానమునకు నెట్టుట నాకు సమంజసముగా తోచదు.

ఆ విలోమమే మూడవ అంతస్తు. రేఖలు సమాంతరములైనచో ఏకాంతర కోణములు సమానములు. యూక్లిడ్ గ్రంథమున ఇది 29వ సిద్ధాంతము. మొదటి ఇరువదియెనిమిది సిద్ధాంతములను తన అయిదవ స్వీకృతముయొక్క ప్రసక్తి లేకుండ నడిపించిన ఆ మహానుభావుడు ఇక్కడ మొదటిసారిగా దానిని ప్రయోగించెను. తిర్యగ్రేఖకు ఒక వైపున అంతరకోణముల మొత్తము రెండు లంబకోణములకంటె తక్కువయైనచో, ఆ రెండు రేఖలు ఆ వైపుననే ఎక్కడనో కలియునని ఆ స్వీకృతము చెప్పును. ఎక్కడనో! ఆ కలియు తావు ఎంతదూరమున నుండునో ఎవ్వరికిని తెలియదు; దానిని కంటితో చూచి ఒప్పుకొనుట సాధ్యము కాదు. ఇతర స్వీకృతములవలె ఇది స్వయంసిద్ధముగా తోచలేదు కాబట్టియే, దీనిని స్వీకరించుటకు మారుగా నిరూపింపవలెనని ప్రోక్లసు మొదలు 13వ శతాబ్దిలో నసీరుద్దీన్ తూసీ వరకు ఎందరో పాటుపడిరి. 1795లో స్కాట్లండు గణితజ్ఞుడు ప్లేఫేర్ దీనినే సుబోధముగా మార్చి, ఇచ్చిన బిందువుగుండ ఇచ్చిన రేఖకు ఒకే యొక సమాంతరరేఖ పోవునన్న రూపమున ప్రచారము చేసెను. నేడు పాఠశాలలలో వినబడునది ఈ రూపమే.

ఈ ప్రయత్నములలో నాకు అత్యంత హృద్యముగా తోచునది 1733లో ఇటలీ దేశపు సకేరీ చేసినది; దానిని వివరించుటకు ఇబ్రహీంపట్నము చుట్టుప్రక్కల వెలసిన వెంచర్లకంటె మంచి స్థలము వెదకనక్కరలేదు. ముప్పది అడుగుల వెడల్పు, అరువది అడుగుల పొడవు గల 200 గజముల ప్లాటును గుర్తించు మేస్త్రి మూడు మూలలయందు మూలమట్టము పెట్టి తాడు లాగును. నాల్గవ మూల తనంతట తానే మట్టమునకు వచ్చునని అతనికి తెలియును, రాకున్న తన పనిలో దోషమున్నదని వెదకుకొనును. ఎందుకు వచ్చును? మూడు కోణములు లంబములైన చతుర్భుజములో నాల్గవది లంబమై తీరునని చెప్పుటకు అయిదవ స్వీకృతమే శరణ్యము. అది లేకున్న నాల్గవ కోణము లఘుకోణము కాకూడదని చూపుటకు ఏ తర్కమును చాలదు. సకేరీ ఇంచుమించుగా ఇట్టి చతుర్భుజమునే గ్రహించెను. అడుగు భుజమునకు లంబముగా రెండు సమాన భుజములు నిలిపి, పై రెండు కోణములు లంబములు కాకపోయిన ఏమగునో పరిశీలింపబూని, లఘుకోణమను పక్షమునుండి ఎట్టి వైరుధ్యము పుట్టునోయని గ్రంథమంతయు వెదకెను. నిజమైన వైరుధ్యము దొరకలేదు. తాను నూతన క్షేత్రగణితముయొక్క సింహద్వారమున నిలిచియున్నానని గ్రహింపక, అట్టి ఫలితములు సరళరేఖా స్వభావమునకు విరుద్ధములని త్రోసిపుచ్చి అతడు వెనుదిరిగెను. శతాబ్దముతరువాత 1829లో రష్యాలో లోబచేవ్‌స్కీయు, 1832లో హంగరీలో బోల్యాయును ఆ ద్వారమును దాటి లోనికి పోయిరి. వారు చూపిన తలమందు ఒక బిందువుగుండ ఇచ్చిన రేఖను కలియని రేఖలు అనేకములుండును; సమాంతరములైనను ఏకాంతర కోణములు సమానములు కానక్కరలేదు; త్రిభుజ కోణముల మొత్తము 180 అంశలకు తక్కువ. 1868లో బెల్ట్రామి అట్టి గణితము యూక్లిడ్ గణితమంత నిర్దుష్టమేయని చూపిన పిదప, అయిదవ స్వీకృతమును మిగిలినవానినుండి నిరూపించు ఆశకు తావు లేకపోయినది. రెండవ అంతస్తు సిద్ధాంతములు లోబచేవ్‌స్కీ తలమునందును చెక్కుచెదరక నిలుచుట గమనింపదగినది. సిద్ధాంతమునకును దాని విలోమమునకును గల వ్యత్యాసము ఇంత స్పష్టముగా కనబడు తావు పాఠశాలా గణితమున మరియొకటి లేదు.

మన దేశమున ఈ చర్చ ఎట్లు నడచినదని విచారించినచో వేరొక దృశ్యము కనబడును. తెలుగునాట ఎక్కువమంది అనుసరించు ఆపస్తంబ సూత్రమునకు చెందిన శుల్బభాగమున యజ్ఞవేదికలకు త్రాళ్లతో లంబములు సాధించుటయు, చతురస్రములు నిర్మించుటయు వివరింపబడినవి. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించి మనకు తొలి తెలుగు గణితగ్రంథమును ప్రసాదించెను. అందలి క్షేత్రగణితము భుజములతోను కర్ణములతోను ఫలములతోను నిండియున్నది. క్షేత్రమునందు కోణము మనవారికి ప్రధానము కాలేదు. కోణము వారికి ఆకాశమున, చాపములయొక్కయు జ్యాఖండములయొక్కయు రూపమున, గ్రహచారము లెక్కించుటకు పనికివచ్చెను. దీనిని లోపమనుట పొరపాటు; వారి ప్రశ్నలు వేరు, వారి సాధనములు వేరు. యూక్లిడ్ తర్కపద్ధతి సంస్కృతమునకు వచ్చినది 18వ శతాబ్ది మొదటి పాదములో, సవాయి జయసింహుని ఆస్థానమున జగన్నాథ సమ్రాట్టు అరబ్బీ మూలమునుండి రేఖాగణితమును రచించినప్పుడు. నిజాము రాజ్యమున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు ఉర్దూ బోధనాభాష యగుటచే, ఈ ప్రాంతపు పూర్వతరము విద్యావంతులలో అనేకులు ఈ ప్రకరణమును జావియా, ఖత్, ముతవాజీ అను మాటలతోనే నేర్చిరి. 1968లో తెలుగు అకాడమి వెలసిన పిదప తెలుగు పరిభాష ఉన్నత తరగతులవరకు స్థిరపడినది.

నేటి బోధనను గూర్చి నా అభిప్రాయమును నిర్మొగమాటముగా చెప్పవలెను. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి దీర్ఘకాలము నడపిన తొమ్మిదవ తరగతి పుస్తకమున, రేఖలు సమాంతరములైనచో సదృశకోణములు సమానములను వాక్యమును, దాని విలోమమును, రెండింటిని స్వీకృతములుగానే ఉంచిరి. పదునాలుగేండ్ల బాలునకు భారము తగ్గించుటయే వారి సదుద్దేశమని ఒప్పుకొనవచ్చును. కాని నిరూపింపదగిన దానిని నిరూపింపరాని దానితో ఒకే పంక్తిని కూర్చుండబెట్టుటచే, ఏది ఎందుకు ఒప్పుకొనుచున్నామో తెలియు అవకాశము విద్యార్థికి పోయినది. దీని ఫలితము తరగతిగదిలో ప్రతిదినము కనబడుచునే యుండును. చిత్రమున రెండు రేఖలు సుమారుగా సమాంతరముగా గీయబడియున్నచో, ప్రశ్నలో ఆ మాట చెప్పకపోయినను బాలుడు సదృశకోణములు సమానములని వ్రాయును. రేఖలు సమాంతరములని నిరూపింపుమనగా, అవి సమాంతరములు గనుక కోణములు సమానములని మొదలుపెట్టి, చక్రమువలె తిరిగి బయలుదేరిన చోటికే వచ్చును. చిత్రమును కొంచెము త్రిప్పి తిర్యగ్రేఖను అడ్డముగాను, సమాంతరములను నిలువుగాను గీసినచో, పేర్లన్నియు తెలిసినవాడైనను ఏకాంతర కోణములను పోల్చుకొనలేడు. 1957లో డచ్చి దంపతులు పియేర్, డీనా వాన్‌హీలేలు తమ సిద్ధాంతవ్యాసములలో చెప్పినట్లు, ఆకారమును చూచి గుర్తించు దశనుండి ధర్మములను పేర్కొను దశకును, అక్కడినుండి ధర్మముల పరస్పరాశ్రయమును గ్రహించు దశకును ఎక్కవలసిన మెట్లను బోధన దాటవేసినచో, విద్యార్థి క్రింది మెట్టుననే నిలిచి పై మెట్టు మాటలను వల్లించుచుండును.

త్రిభుజ కోణముల మొత్తము ఈ మూడవ అంతస్తునుండియే పుట్టుచున్నది. శీర్షముగుండ అడుగు భుజమునకు సమాంతరముగా ఒక రేఖ గీసినచో, ఏకాంతరకోణముల సామ్యముచే అడుగు భుజమువద్ద నున్న రెండు కోణములును పైకి వచ్చి శీర్షకోణమునకు ఇరుప్రక్కల చేరి సరళకోణమును పూరించును. 1802లో మద్రాసువద్ద భారతదేశపు మహా త్రికోణమితి సర్వేను ఆరంభించి, 1815లో బీదరు ప్రాంతమున ఆధారరేఖను కొలిచి, 1823లో హింగన్‌ఘాటువద్ద కన్నుమూసిన విలియం లాంబ్టన్, దక్కను మీదుగా కట్టిన పెద్ద త్రిభుజములలో ఈ మొత్తము 180 అంశలు కాదనియు, కొంచెము మించుననియు ఎరిగియే లెక్కలు సరిచేసెను. భూమి గోళాకారమగుటచే ఇంచుమించు 197 చదరపు కిలోమీటర్ల త్రిభుజమునకు ఒక వికల (కోణపు సెకండు) చొప్పున ఆ ఆధిక్యము పెరుగును. ఒక ఎకరము విస్తీర్ణముగల పొలమునందు అది ఒక వికలలో లక్షకు రెండు వంతులు మాత్రమే. సర్వేయరునకును మేస్త్రికిని అయిదవ స్వీకృతము నిశ్శంకముగా చెల్లుటకు కారణమిదియే.

భూమి గోళమని తెలిసియు దానిని కొలుచుటకు సమాంతరరేఖల సిద్ధాంతమే సాధనమగుట ఈ ప్రకరణమునందలి మిక్కిలి రమ్యమైన ఘట్టము. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దిలో ఎరటోస్థనీసు, సయీనీ నగరమున సూర్యుడు నడినెత్తికి వచ్చిన మధ్యాహ్నమున అలెగ్జాండ్రియాలో నీడచేయు కోణము పూర్ణవృత్తమున 50వ వంతు, అనగా 7.2 అంశలని తెలిసికొని, ఆ రెండు నగరములనడుమ దూరమైన 5,000 స్టేడియములను 50చే గుణించి భూపరిధి 2,50,000 స్టేడియములని తేల్చెను. సూర్యకిరణములు సమాంతరములు, రెండు నగరముల నిలువుగీతలును భూకేంద్రమువద్ద కలియును, కిరణములను ఖండించు తిర్యగ్రేఖగా అలెగ్జాండ్రియా నిలువుగీత నిలుచుటచే, నీడకోణము కేంద్రకోణమునకు ఏకాంతరమై సమానమగును.

మన పంచాంగకర్తలు పలభ యని వాడునదియు ఇట్టిదే. విషువద్దినమున మధ్యాహ్నము పండ్రెండంగుళముల శంకువు వేయు నీడయే పలభ. ఆ దినమున సూర్యకిరణములు భూమధ్యరేఖాతలమునకు సమాంతరముగా వచ్చును. ఇబ్రహీంపట్నమున నిలిపిన శంకువును క్రిందికి పొడిగించినచో భూకేంద్రమును చేరును. అక్కడ అది భూమధ్యరేఖాతలముతో చేయు కోణమే ఆ ఊరి అక్షాంశము. శంకువు కొనవద్ద, పైకి పొడిగించిన నిలువుగీతకును సూర్యుని దిశకును నడుమనున్న కోణము ఆ అక్షాంశమునకు సదృశకోణము. శంకువునకును నీడకొనకు దిగు కిరణమునకును నడుమనున్నది దానికి శీర్షాభిముఖము. ఒకే చిత్రమున మొదటి అంతస్తు సిద్ధాంతమును, మూడవ అంతస్తు సిద్ధాంతమును చేయిచేయి పట్టుకొని నిలిచినవి. ఇబ్రహీంపట్నము అక్షాంశము సుమారు 17.2 అంశలు గనుక అక్కడి పలభ ఇంచుమించు 3.7 అంగుళములు. మే రెండవ వారము ఆరంభమునను, ఆగస్టు మొదటి వారములోను సూర్యుడు ఆ ఊరికి సరిగా నడినెత్తిపైకి వచ్చి మధ్యాహ్నము శంకువుయొక్క నీడ మాయమగును.

దీనిని పాఠముగా మలచుటకు వ్యయమేమియు లేదు. ఆదిలాబాదు ఇంచుమించు ఇబ్రహీంపట్నపు రేఖాంశముననే, అక్షాంశము 19.7 అంశలవద్ద, ఉత్తరమున నున్నది. మార్చి 20, 21 ప్రాంతమునగాని సెప్టెంబరు 22, 23 ప్రాంతమునగాని, రెండు ఊళ్ల బడిపిల్లలును ఒకే దినమున చదునైన నేలపై మీటరు కర్రను తూకపుగుండు సాయమున నిలువుగా నిలిపి, మధ్యాహ్నము నీడ అత్యల్పమైన క్షణమున కొలిచినచో ఇబ్రహీంపట్నమున సుమారు 31 సెంటీమీటర్లు, ఆదిలాబాదున సుమారు 36 సెంటీమీటర్లు వచ్చును. నీడను, కర్రను కాగితముపై పదవ వంతు ప్రమాణమున గీసి కోణమానినితో కొలిచిన ఒకచోట 17, రెండవచోట 19న్నర దాటి కోణములు దొరకును. వాని భేదము రెండున్నర అంశలు. పటమునుండి ఉత్తరదక్షిణ దూరము 275 కిలోమీటర్లని గ్రహించినచో, 360 అంశలలో రెండున్నర 144 పర్యాయములు పోవును గనుక భూపరిధి 39,600 కిలోమీటర్లని తేలును. వాస్తవమైన విలువ 40,000కు కొంచెము ఎక్కువ. కర్ర ఒక అంశ వాలినను కొలత చెడును. తూకపుగుండు దారము నిశ్చలముగా నుండవలెను, నీడకొన మసకగా నుండుటచే దాని నడిమి భాగమును గుర్తింపవలెను, రెండు బడులును ఒకే పద్ధతిని పాటింపవలెను.